ఏడేళ్లలో విన్న సప్పుళ్లు: నా ఆంప్లిఫైయర్, రెండు టవర్ స్పీకర్లు

2018 దసరాకు ముందు కొన్నాను. స్టీరియో ఆంప్లిఫైయర్ ఒకటి, మూడడుగుల టవర్ స్పీకర్లు రెండు, అన్నీ కలిపి 46 వేలు. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఈ ఏడేళ్లలో దాన్ని తిట్టిన తిట్లలో సగానికి పైగా దానికి సంబంధం లేనివే. హనుమకొండ నయీంనగర్‌లో మా ఇల్లు. పొద్దున బాపు పాత పాటలు, సాయంత్రం పిల్లల టీవీ, ఆదివారం నా వంతు. రోజుకు నాలుగైదు గంటలు మోగుతుంది.

పాట సంగతి ముందే చెప్పేస్తాను. గొంతులు చాలా బాగా పలుకుతాయి. డప్పు దెబ్బ మాత్రం కొంచెం మెత్తబడుతుంది. మా హాలుకు వాల్యూమ్ సగం దాటించాల్సిన పని ఎప్పుడూ పడలేదు. ఇక సప్పుళ్ల దగ్గరికి వస్తాను.

కొన్న రెండో నెలలోనే, పాట ఆగినప్పుడల్లా వెనక నుంచి గుయ్‌మని ఒకటే మోత. "గిదేంది, ఇంట్ల తుమ్మెద సొచ్చిందా?" అన్నాడు బాపు. రిపేరు షాపులో ఇస్తే తొమ్మిది రోజులు ఉంచుకుని, ఐసీ మార్చామని 1,800 తీసుకున్నారు. ఇంటికి తెచ్చి కలిపిన సాయంత్రమే తుమ్మెద మళ్లీ వచ్చింది. షాపులో మోగని మోత ఇంట్లో మోగుతోందంటే తప్పు ఇంట్లో ఉందని అప్పుడే తట్టాల్సింది. తట్టలేదు, ఇంకో వారం కంపెనీని తిట్టాను.

చివరికి ఒక రాత్రి వెనకున్న వైర్లన్నీ ఒక్కొక్కటే పీకుతూ కూర్చున్నాను. టీవీ నుంచి వచ్చే ఆడియో వైరు పీకగానే నిశ్శబ్దం. అది మళ్లీ పెట్టి, సెట్‌టాప్ బాక్సుకు వచ్చే కేబుల్ వైరు విప్పాను. అప్పుడూ నిశ్శబ్దమే. దొంగ దొరికాడు. ఆ కేబుల్ లోపలి లోహపు జాలీ బయట ఎక్కడో భూమికి తగులుతుంది. మా ఆంప్లిఫైయర్ మూడో పిన్ను మా ఇంటి ఎర్త్‌కు తగులుతుంది. రెండు ఎర్త్‌ల మధ్య కాస్త వోల్టేజీ తేడా ఉన్నా చాలు, ఆడియో వైరు జాలీ గుండా కరెంట్ పారుతుంది. మన కరెంట్ 50 హెర్ట్జ్ కాబట్టి, ఆ 50, దాని గుణిజాలే స్పీకర్లో గుయ్‌మంటాయి.

"మూడో పిన్ను ఇరగ్గొట్టు అన్నా, సప్పుడు బంద్ అయితది" అన్నాడు మా ఎలక్ట్రీషియన్. నిజమే, బంద్ అవుతుంది. కానీ రేపు లోపల ఏ వైరైనా బాడీకి తగిలితే, ముట్టుకున్నవాడు కూడా బంద్ అవుతాడు. దయచేసి ఆ పని చేయకండి. నేను టీవీకి, ఆంప్లిఫైయర్‌కు మధ్య 350 రూపాయల ఆప్టికల్ కేబుల్ వేశాను. అందులో పోయేది వెలుతురు, కరెంట్ కాదు. తుమ్మెద ఆ రోజుతో పోయింది.

తర్వాతి ఎండాకాలం ఇంకో తమాషా. ఆంప్లిఫైయర్ బాడీ మీద చెయ్యి పెడితే సన్నగా జిల్లుమనేది. ఫ్రిజ్ మీద పెట్టినా అంతే. మే నెల ఎండలకు ఎర్త్ గుంత ఎండిపోయింది, అంతే సంగతి. రెండు బకెట్ల నీళ్లు పోస్తే ఆ పూటకు తగ్గింది. తర్వాత కొత్త పైపు దింపించి బొగ్గు, ఉప్పు వేయించాను.

బాపు కీప్యాడ్ ఫోన్ ఆంప్లిఫైయర్ మీద పెడితే, రింగ్ రాకముందే స్పీకర్లో టిర్ర్ టిర్ర్ అంటుంది. పాత 2జీ ఫోన్ సెకనుకు దాదాపు 217 సార్లు ఆగి ఆగి సిగ్నల్ పంపుతుంది, ఆ లయే మనకు వినపడేది. ఫోన్ రెండడుగులు జరిపితే పోతుంది. బాపు జరపడు. ఫోన్ వచ్చేది ముందే తెలుస్తోందని ఆయనకు సంబరం.

బతుకమ్మ పాటలు పెడితే వచ్చే గలగల గురించి ఎక్కువ చెప్పను. ఫోన్లో టోన్ వాయించే యాప్ పెట్టి 30 హెర్ట్జ్ నుంచి మెల్లగా పెంచుకుంటూ పోతే, 62 దగ్గర షోకేసు అద్దం వణికింది. అట్టముక్క దోపితే ఆగింది. సెట్ ఆఫ్‌లో ఉన్నా ఎడమ స్పీకర్లో గీరిన సప్పుడు వచ్చింది ఒకసారి. వెనక రంధ్రంలో బల్లి.

ఇప్పుడు నిజంగా సెట్‌వి అయిన తప్పులు రెండు. వాల్యూమ్ నాబ్ మూడో ఏటి నుంచి తిప్పితే కరకరమంటుంది, ఒక్కోసారి ఒక పక్క పాటే పోతుంది. ప్లగ్ పీకేసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఇటు నుంచి అటు ఇరవై ముప్పై సార్లు తిప్పితే ఏడాది ఆగుతుంది. ఈ ధరకు నాబ్ ఇంకా మంచిది వేయాల్సింది.

రెండోది పెద్దది. ఆరో ఏట కుడి స్పీకర్లో డోలు మోగినప్పుడల్లా చిరిగిన కాగితం కొట్టుకున్నట్టు వచ్చింది. ఈసారి తెలివిగా ముందే కుడి ఎడమ వైర్లు మార్చి చూశాను. సప్పుడు కుడి స్పీకర్లోనే ఉండిపోయింది. వైర్లతో పాటు ఎడమకు వస్తే ఆంప్లిఫైయర్‌ను అనుమానించాలి, అక్కడే ఉంటే స్పీకరే. ముందున్న జాలీ తీసి చూస్తే వూఫర్ (లావు సప్పుళ్లు పలికే పెద్ద స్పీకర్) చుట్టూ ఉండే ఫోమ్ అంచు పాత స్పాంజ్‌లా పొడిపొడి అయింది. మధ్యలో గరాటులా ఉండే కోన్‌ను నాలుగు వేళ్లతో మెల్లగా లోపలికి నొక్కితే దాని వెనకుండే తీగచుట్ట, అదే కాయిల్, గీరుకుంటున్నట్టు చేతికి తెలిసింది. వేడికి, తేమకు ఫోమ్ అలాగే అవుతుంది. రబ్బరు అంచు చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది. కొనేముందు వేలితో ముట్టి చూసుకోవాలని నాకు అప్పట్లో తెలియదు.

వూఫర్ విప్పి, తువ్వాల చుట్టి, బియ్యం సంచిలో పెట్టుకుని కాజీపేటలో రైలెక్కాను. కోఠి గుజరాతీ గల్లీలో అడుగుతూ పోతే అంచు మార్చే ఆయన దొరికాడు. "రెండూ తేవాల్సింది సార్, ఒకటి పోయిందంటే రెండోది ఎన్ని రోజులుంటది" అన్నాడు. బాగున్నదాన్ని విప్పడమెందుకని నేను వినలేదు. 900 తీసుకున్నాడు, పని మాత్రం శుభ్రంగా చేశాడు.

మొన్న ఎడమ స్పీకర్ జాలీ తీసి ఫోమ్ ముట్టుకుంటే వేలికి నల్లగా జిగురు అంటింది. బియ్యం సంచి దులిపి పెట్టమని మా ఆవిడకు చెప్పాను.