బాక్సు చూసి వీల్ బేరింగ్ కొనకండి: నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్లకు జాగ్రత్త

ఇంటి దగ్గరే కారు పని చేసుకునేవాళ్లు, ముఖ్యంగా నెల్లూరులో సామాను కొని కావలి, సింగరాయకొండ, ఒంగోలు తీసుకెళ్లేవాళ్లు ఇది ఒకసారి చదవండి. పేరున్న కంపెనీ బాక్సులో నాసిరకం వీల్ బేరింగ్ (చక్రం సాఫీగా తిరగడానికి దాని మధ్యలో ఉండే బాల్స్ రింగు) పెట్టి అమ్ముతున్నారు. నాకు అమ్మారు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు.

వీల్ బేరింగ్‌తో ఉన్న చిక్కు ఏంటంటే, బాగోలేదని ఊడదీసి వెనక్కి ఇచ్చే వస్తువు కాదు అది. చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాల బేరింగ్‌ని నకుల్‌లోకి, అంటే చక్రాన్ని మోసే లోహపు దిమ్మలోకి, ప్రెస్ పెట్టి ఎక్కిస్తారు. మళ్లీ తీయాలంటే హబ్‌ని, అంటే చక్రం బిగించే భాగాన్ని, బయటికి నెట్టాలి. అప్పుడు లోపలి రేసు (బాల్స్ దొర్లే ఉక్కు రింగు) హబ్‌ని పట్టుకుని ఊడి వస్తుంది, బేరింగ్ రెండు ముక్కలవుతుంది. ఇక షాపువాడు ఏమంటాడో మీకు తెలుసు: "ఫిట్టింగ్‌లో దెబ్బ తిన్నది సార్, మా సరుకు మంచిదే." కాబట్టి చూసుకోవలసిందేదో డబ్బులు ఇవ్వకముందే, కౌంటరు దగ్గరే చూసుకోవాలి.

మాది కావలి. పోయిన వానాకాలం తుఫాను నీళ్లలో కారు బాగా తిరిగింది. బేరింగ్ పక్కన మూసి ఉండే రబ్బరు సీలు దాటి నీళ్లు లోపలికి పోయాయంటే గ్రీజు పాడై, బేరింగ్ తుప్పు పట్టడానికి ఎన్నాళ్లో పట్టదు. హైవే మీద అరవై దాటగానే విమానం మోత మొదలయ్యేది. టైర్లు ముందువి వెనక్కి మార్చి చూశాను, మోత మారలేదు. స్టీరింగ్ కొంచెం కుడివైపు తిప్పితే మోత పెరుగుతోంది, ఎడమకు తిప్పితే తగ్గుతోంది. కుడికి తిరిగినప్పుడు బరువు ఎడమ చక్రం మీద పడుతుంది కాబట్టి పోయింది ఎడమదే. జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టక్కుమని ఆడింది. ఇంక అనుమానం లేదు.

నెల్లూరు షాపులో బాక్సు పద్ధతిగానే ఉంది. హోలోగ్రామ్ ఉంది, నంబరు సరిపోయింది, ధర మాత్రం కాస్త తక్కువ. బిల్లు అడిగితే, "బిల్లయితే 18 శాతం జీఎస్టీ పడుద్ది సార్, చీటీ రాసిస్తాలే" అన్నాడు. పడితే పడిందని బిల్లే రాయించుకున్నాను. తర్వాత అక్కరకొచ్చింది ఆ కాగితం ఒక్కటే.

నకుల్ ఇంట్లోనే విప్పి కావలిలో లేత్ షాపుకు తీసుకెళ్లాం. ప్రెస్ పని బాగా తెలిసిన మనిషి. బేరింగ్‌ని నకుల్‌లోకి దించేటప్పుడు పాత బేరింగ్ బయటి రేసునే అడ్డం పెట్టి, బయటి రేసు మీదే నొక్కాడు. హబ్ ఎక్కించేటప్పుడు లోపలి రేసు కింద గొట్టం సపోర్టు పెట్టాడు. ఇది తారుమారైతే ఆ ఒత్తిడంతా బాల్స్ మీద పడి రేసులో సొట్టలు పడతాయి, బేరింగ్ కొత్తదైనా కొద్ది రోజుల్లోనే మోత వస్తుంది. సుత్తితో కొట్టినా అంతే. మా బావ దీన్నంతా ఫోన్లో వీడియో తీశాడు. ఊరికే తీశాడు గానీ, అలా తీసిపెట్టుకోండి. యాక్సిల్ నట్టు కొత్తది వేసి, కారు బరువు చక్రం మీద పడకముందే బావ చేత బ్రేకు తొక్కించి, మాన్యువల్లో ఉన్న లెక్క ప్రకారం టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచే పానాతో) బిగించాను.

కారు రోడ్డెక్కగానే ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లైటు వెలిగింది. షాపుకు ఫోన్ చేస్తే, "నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుంది సార్" అని జవాబు. బేరింగ్ సర్దుకోవడమేంటో నాకైతే అర్థం కాలేదు. లైటు పోలేదు సరికదా, నెల తిరక్కముందే పాత మోత మళ్లీ మొదలైంది.

విప్పించి, కారుతో వచ్చిన పాత బేరింగ్ పక్కన పెట్టి చూశాం. ఏబీఎస్ ఉన్న చాలా కార్లలో బేరింగ్‌కి ఒక పక్క సీలులోనే సన్నటి అయస్కాంతపు రింగు ఉంటుంది, చక్రం వేగాన్ని సెన్సార్ చదివేది దాన్నే. పాతదాని మీద గుండుసూది పెడితే అంటుకుంది. కొత్తదానికి రెండు పక్కలా మామూలు రబ్బరే, సూది జారి కింద పడింది. తర్వాత గుడ్డ పెట్రోల్లో ముంచి నంబరు మీద రుద్దాం. పాతదాని నంబరు లోహంలోకి చెక్కి ఉంది, ఎంత రుద్దినా చెక్కుచెదరలేదు. కొత్తదానిది రెండో రుద్దుకే నల్లగా గుడ్డకు అంటి, ఇనుము బోడిగా మిగిలింది. సీలు లేపితే ఒక వరుస బాల్స్‌కే గ్రీజు ఉంది, రెండో వరుస దాదాపు పొడిగానే ఉంది. దీనికి ఫిట్టింగ్ ఏం చేస్తుంది?

మీరు కొనేటప్పుడు జేబులో ఒక గుండుసూది, తడిగుడ్డ ముక్క పెట్టుకుపోండి. షాపువాడు నవ్వితే నవ్వనీయండి. మీ కారులో సెన్సార్ బేరింగ్‌నే చదివే రకమైతే సూది ఒక పక్కే అంటుకోవాలి, బిగించేటప్పుడు ఆ పక్క సెన్సార్ వైపు, అంటే లోపలికి రావాలి. అలాగని పెద్ద అయస్కాంతం దాని దగ్గరికి తేకండి, ఆ రింగు పాడవుతుంది. వెర్నియర్ (వ్యాసం, వెడల్పు కొలిచే పరికరం) ఉంటే కొలత చూడండి. డీఏసీ 37720037 అని నంబరు ఉందంటే లోపలి వ్యాసం 37, బయటిది 72, వెడల్పు 37 మిల్లీమీటర్లు. హోలోగ్రామ్‌ని మాత్రం నమ్మకండి, స్టిక్కర్ ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు. ఎస్‌కేఎఫ్ సరుకైతే ఎస్‌కేఎఫ్ ఆథెంటికేట్ యాప్‌లో ఫోటోలు పంపితే కంపెనీవాళ్లే చూసి చెబుతారు. ఎఫ్‌ఏజీ సరుకుకు దాని సొంతదారు కంపెనీ షాఫ్లర్‌వాళ్ల ఆరిజిన్ చెక్ యాప్ ఉంది, బాక్సు మీద కోడ్ దానితో స్కాన్ చేయొచ్చు. ఇవన్నీ చేయనివ్వకుండా "టైమ్ లేదు సార్" అనే షాపులో కొనకపోవడమే మేలు.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడ మీద బోర్డు చూపించారు నాకు. ఆ బోర్డు చూసి వెనక్కి వచ్చేయకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అక్రమ వ్యాపార పద్ధతి. లోపం ఉన్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం కూడా అంతే. ముందు 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. షాపు నెల్లూరులో ఉన్నా ఒంగోలు మనిషి ఒంగోల్లోనే వేయొచ్చు.

నా సంగతి: హెల్ప్‌లైన్‌కు చెప్పాక షాపువాడు బేరింగ్ డబ్బు వెనక్కి ఇచ్చాడు. రెండుసార్లు ప్రెస్ చేయించిన కూలి, నట్టు, అలైన్‌మెంట్ ఖర్చు మాత్రం ఇవ్వనంటున్నాడు, దానికోసం కమిషన్‌కు కాగితాలు సిద్ధం చేస్తున్నాను. కొత్త బేరింగ్ ఒంగోలులో కంపెనీ డీలర్ దగ్గర కొన్నాను, మోత పోయింది, లైటు ఆరిపోయింది. ఇదే ఏడాదిలో నెల్లూరులో బేరింగ్ కొని ఏబీఎస్ లైటుతో తిప్పలు పడుతున్నవాళ్లు ఉంటే బిల్లు, బాక్సు పారేయకుండా నాకు చెప్పండి. ఒక్కడు ఫిర్యాదు చేస్తే ఫిట్టింగ్ తప్పంటాడు, పదిమంది చేస్తే అనలేడు.