30 కిలోమీటర్ల పైన గాలి: రాడారా, లైడారా, ఇన్‌ఫ్రాసౌండా?

"గాదంకిలో అంత పెద్ద రాడార్ ఉండగా, పైగాలి కొలవడానికి చెవికి వినపడని శబ్దాలతో, అదే ఇన్‌ఫ్రాసౌండ్‌తో, ఏం పని?" ఈమధ్య చాలామంది ఇదే అడుగుతున్నారు.

తిరుపతి దగ్గరి ఆ ఎంఎస్‌టీ రాడార్‌కు వంక పెట్టడానికి లేదు. దిగువన గాలి ఏ ఎత్తులో ఎటు వీస్తోందో అంత విడమరిచి చెప్పేది ఇంకోటి లేదు. కానీ నా పేచీ అంతా 30 నుంచి 60 కిలోమీటర్ల మధ్య. అక్కడ రాడార్‌కు అది పంపిన రేడియో తరంగాలు తిరిగి దాదాపు రావు. బెలూన్ చూస్తే 30, 35 దగ్గరే పగిలిపోతుంది. తుంబా నుంచి వదిలే ఆర్‌హెచ్-200 రాకెట్ అక్కడికి వెళ్తుంది గానీ, ఒక్కో రాకెట్‌కు ఒక్కసారి కొలతే. లేజర్ కాంతిని పైకి పంపి కొలిచే లైడార్ ఆ ఎత్తులో ఉష్ణోగ్రత బాగానే చెబుతుంది. మబ్బు పడితే మాత్రం మూసుకుని కూర్చోవాల్సిందే. మన వానాకాలం సంగతి తెలిసిందే కదా.

ఇన్‌ఫ్రాసౌండ్‌కు ఆ బాధ లేదు. సముద్రంలో ఎదురెదురు అలలు కలిసిన చోట 0.2 హెర్ట్జ్ దగ్గర ఒక రొద పుడుతుంది. రాత్రీ పగలూ ఆగదు. అది పైకి పోయి, 50 కిలోమీటర్ల దగ్గర గాలి అనుకూలిస్తే వంగి నేలకు దిగుతుంది, ఎదురుగాలైతే దిగదు. అంటే ఏ వైపు సముద్రం గట్టిగా వినిపిస్తే పైగాలి అటునుంచి ఇటు వీస్తున్నట్టు. యూరప్ లాంటి చోట్ల చలికాలంలో స్ట్రాటోస్ఫియర్ అనే ఆ పైగాలి పొర ఉన్నట్టుండి వేడెక్కి అక్కడి గాలి తిరగబడితే, కొద్దిరోజుల్లోనే రొద వచ్చే దిక్కూ మారిపోతుంది. నాకు మొగ్గు కలిగించింది ఇదే.

లోపం లేకపోలేదు. ఇది దారి పొడవునా సగటు చెబుతుందే తప్ప కిలోమీటరు కిలోమీటరుకు లెక్క చెప్పదు. పైగా నేలమీది గాలితో పెద్ద తలనొప్పి. అందుకే ఈ శబ్దాన్ని పట్టే మైక్రోబారోమీటర్ (గాలి ఒత్తిడిలో అతి చిన్న మార్పులు కొలిచే పరికరం) నుంచి చిల్లుల పైపులు సాలీడు కాళ్లలా నలువైపులా పరుస్తారు. గాలి విసురు ఒక్కో చిల్లు దగ్గర ఒక్కోలా ఉండి, కలిపితే చాలావరకు కొట్టుకుపోతుంది. అసలు శబ్దం అలా పోదు. 0.2 హెర్ట్జ్‌కు అల పొడవు 1.7 కిలోమీటర్లు కాబట్టి అన్ని చిల్లుల్లోకీ ఒకేసారి దూరినట్టే.

అణు పరీక్షల నిషేధ ఒప్పందం కింద, పేలుళ్లను పసిగట్టడానికి ప్రపంచమంతా 60 ఇన్‌ఫ్రాసౌండ్ కేంద్రాలు అనుకున్నారు. మనం సంతకం పెట్టలేదు, వాటిలో ఇక్కడ ఒక్కటీ లేదు. నా చేతిలో ఉంటే ఇంకో లైడార్ కొనను. గాదంకి రాడార్‌కు తోడుగా నాలుగు మైక్రోబారోమీటర్లు, కొండమీద కాదు, చెట్ల మధ్య పెడతాను.