నోయటాక్ నది మీద ఆల్పాకా ప్యాక్‌రాఫ్ట్: నదికి నాలుగు మార్కులు, సరస్సుకు రెండే

అలాస్కాలోని నోయటాక్ నది ఎగువకు రోడ్డు లేదు. బెటిల్స్ అనే చిన్న ఊళ్లో ఫ్లోట్ ప్లేన్ (నీళ్ల మీద దిగే విమానం) ఎక్కితే ఏదో ఒక సరస్సు మీద దింపి పోతుంది. విమానంలో బరువుకు లెక్క ఉంటుంది. అక్కడే ఆల్పాకా ప్యాక్‌రాఫ్ట్, అంటే వీపున మోసుకెళ్లే ఈ గాలి పడవ, గెలుస్తుంది: ఒక్కరు కూర్చునేది సుమారు 3-4 కిలోలు, చుడితే వీపు సంచిలో పడుతుంది.

పంపు అక్కర్లేదు. తోడు వచ్చే పల్చటి సంచిని వాల్వుకు బిగించి, గాలి పట్టి, మూతి మెలేసి నొక్కుతూ పోవడమే. కొత్తవాళ్లు కంగారుపడేది ఆ తర్వాత. గట్టు మీద రాయిలా ఉన్న పడవ గాలి ట్యూబు ఆ చల్లటి నీళ్లలో పెట్టగానే మెత్తబడుతుంది. చిల్లు పడలేదు, లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోయింది, అంతే. ఐదు నిమిషాలు నీళ్లలో ఉంచి, నోటితో మళ్లీ ఊది బిగించాలి. ఎండలో ఒడ్డున వదిలేస్తే దీనికి తలకిందులు. కాస్త గాలి తీసేయాలి.

సామాను ట్యూబు లోపలే పెట్టుకునే జిప్పు ఉన్న మోడల్ తీసుకోండి. బరువు కిందికి దిగి పడవ నిలకడగా ఉంటుంది. కానీ ఆ జిప్పే దీని ప్రాణం. పళ్లలో ఒక్క ఇసుక రేణువున్నా గాలి కారుతుంది. మూసే ముందు ప్రతిసారీ కడగాలి, అప్పుడప్పుడు గ్రీజు రాయాలి. మధ్యాహ్నం తిండి మాత్రం లోపల పెట్టకండి, తీయాలంటే పడవ గాలంతా వదలాలి. ఎలుగుబంట్లు తెరవలేని తిండి డబ్బాను ముందు భాగంలో కట్టేయండి. బెటిల్స్‌లోని పార్క్ కేంద్రంలో దాన్ని ఉచితంగానే అరువిస్తారు. చిల్లు పడితే వేసే అతుకు టేపు తడిసిన పడవ బట్టకు అంటదు. ఆరబెట్టి, స్పిరిట్‌తో తుడిచాకే వేయాలి.

ఇక సరస్సులు. అడుగు నేల ఏడాదంతా గడ్డకట్టి ఉండటంతో నీళ్లు ఇంకవు, అందుకే అక్కడ అన్ని సరస్సులు. గాలికి అడ్డుపడే చెట్టు లేదు. తేలికపాటి పడవ, బల్లపరుపు అడుగు: తెడ్డు వేసిన ప్రతిసారీ ముక్కు పక్కకు తిరుగుతుంది, కృష్ణా నదిలో గుండ్రటి పుట్టిని నడిపినవాళ్లకు తెలిసిన గుణమే. వెనక రెక్క తగిలిస్తే దారి కుదురుతుంది గానీ ఎదురుగాలికి అదీ చాలదు. ఒడ్డు వెంబడే పోవాలి, లేదా గాలి తగ్గే దాకా ఆగాలి. జూన్‌లో ఎలాగూ పొద్దు గుంకదు. సరస్సులే ముఖ్యమనుకుంటే 20 కిలోల మడత కనూ (పొడవాటి సన్నటి పడవ) మోయక తప్పదు.

వాన నేలలోకి దిగదు కాబట్టి నది రాత్రికి రాత్రే పొంగుతుంది. కట్టేయడానికి చెట్టుండదు. పడవను గట్టు పైదాకా మోసుకెళ్లి, బోర్లించి, తాడును పెద్ద రాళ్లకు బిగించి పడుకోవాలి.