మిర్చి చెట్టు ఎండిపోయింది: కొమ్మలు కొట్టాలా, కుండీ మార్చాలా, కొత్త నారు తేవాలా?

రోహిణి కార్తె ఎండకి హైదరాబాద్ డాబాల మీద మిరప చెట్టు రెండు రోజుల్లో కట్టెపుల్లలా అయిపోతుంది. ఆకులు రాలాయని పీకేయకండి. ముందు కాండాన్ని గోరుతో గీరండి, పైకొమ్మ నుంచి కిందికి వస్తూ. బెరడు కింద ఎక్కడైనా పచ్చగా, తడిగా తగిలితే ప్రాణముంది. మట్టి దగ్గర కూడా గోధుమరంగే అయితే కొత్త నారే గతి.

ప్రాణముంటే, కొట్టాలా మార్చాలా అన్నది కుండీ బరువే చెబుతుంది.

ఎత్తితే తేలిగ్గా ఉండి, మట్టికీ కుండీకీ మధ్య సందు పడిందా? దాహమే. చెంబులకొద్దీ పోసినా నీళ్లు ఆ సందులోంచి జారి కింద పళ్లెంలో చేరతాయి. మట్టిలో కలిపే కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఎండితే ఓ పట్టాన తడవదు మరి. కుండీని టబ్బు నీళ్లలో సగానికి ముంచి అరగంట ఉంచండి, పైమట్టి తడవగానే తీసేయండి. తర్వాత ఎండిన భాగమంతా కోసేయండి. కోత పచ్చి భాగంలో, కణుపుకి పావు అంగుళం పైన పడాలి. పగటి ఎండ తగలని చోట పెడితే రెండు మూడు వారాల్లో చిగురేస్తుంది. ఇలాంటి చెట్టుకి కుండీ మార్చడం శుద్ధ దండగ, మిగిలిన పీచు వేర్లు కూడా తెగుతాయి. నాలుగైదు ఆకులు విచ్చేదాకా ఎరువూ వద్దు.

కుండీ బరువుగా, మట్టి తడిగా ఉన్నా చెట్టు వాడిందా? అడుగు రంధ్రం పూడి వేరు కుళ్లింది. వానాకాలంలో ఎక్కువగా జరిగేది ఇదే, వాడిందని ఇంకా నీళ్లు పోసి చంపేదీ ఇక్కడే. కుళ్లిన వేరుని లాగితే తొడుగు ఊడొచ్చి దారం మిగులుతుంది. అవన్నీ కత్తిరించి, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు వర్మీకంపోస్ట్ కలిపి నాటండి. కుండీ ఎనిమిది అంగుళాలు చాలు. వేర్లు తక్కువున్నప్పుడు పెద్ద కుండీలో మట్టి ఆరదు, మళ్లీ కుళ్లే. ఇంత చేసినా ఈ చెట్టు మీద సగం ఆశే పెట్టుకోండి.

ఆకు ముడతకి లెక్క వేరు. దోనెలా పైకి ముడిస్తే తామర పురుగు, బోర్లించిన పడవలా కిందికి ముడిస్తే తెల్లనల్లి. రెంటికీ కొమ్మ కొట్టి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బు కలిపి ఆకు అడుగున తడిసేలా సాయంత్రం కొట్టొచ్చు. చిగుళ్లు గిడసబారి, ఆకులు చిన్నవై పసుపు తిరిగితే మాత్రం వైరస్ కావచ్చు. దానికి మందు లేదు, పక్క కుండీల్లోని టమాటాకి అంటకముందే పీకేయండి.

కొత్త నారైతే మృగశిర వానలు పడ్డాకే. నాటిన రెండు, రెండున్నర నెలలకి పచ్చిమిర్చి కోతకొస్తుంది. వేరు బాగున్న పాత చెట్టు అంతకంటే ముందే పూస్తుంది, కానీ 35 డిగ్రీలు దాటితే ఆ పూత నిలవక రాలుతుంది. మే నెలలో పూత రాలిందని మళ్లీ కత్తెర పట్టకండి.