గ్నూక్యాష్‌లో ‘రావాల్సిన వడ్డీ’ ఖాతా: కొన్నేళ్లు వాడాక నా మాట

గ్నూక్యాష్ అనే ఖాతాలు రాసే సాఫ్ట్‌వేరు ఉచితమని, ప్రతి పద్దూ కనీసం రెండు ఖాతాల్లో పడే డబల్ ఎంట్రీ పద్ధతిలో నడుస్తుందని, విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ పనిచేస్తుందని అందరికీ తెలుసు. వాటి జోలికి పోను. కొన్నేళ్లుగా దీన్ని వదలకపోవడానికి కారణం ఒక్కటే, షెడ్యూల్డ్ ట్రాన్సాక్షన్లు, అంటే తేదీ పెట్టి ముందే రాసుకునే పద్దులు. ఎప్పుడో రాబోయే వడ్డీకి ఈ రోజే పద్దు రాసి పెట్టుకోవచ్చు. అది వచ్చిందా, తగ్గి వచ్చిందా, అసలు రాలేదా అన్నది తర్వాత ఖాతానే చెబుతుంది.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ అవసరం ఎక్కువ. పొగాకు వేలం డబ్బు, రొయ్యల పట్టుబడి డబ్బు, వడ్లు అమ్మిన డబ్బు ఒక్క మొత్తంగా చేతికొస్తాయి. ఆ రోజు ఎక్కడ రేటు బాగుంటే అక్కడ డిపాజిట్ వేస్తారు. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక బాండు (డిపాజిట్ రసీదు), కావలిలో ఇంకొకటి, ఒంగోలు పోస్టాఫీసులో పెద్దవాళ్ల పేరు మీద సీనియర్ సిటిజన్ పథకం. తేదీలు వేరు, రేట్లు వేరు, టీడీఎస్ (వడ్డీ ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోసే తీరు వేరు. పాస్‌బుక్కులు ముందేసుకుని కూర్చుంటే వచ్చింది కనిపిస్తుంది కానీ, రావాల్సి ఉండి రానిది కనిపించదు.

ఎలా పెట్టుకోవాలో చెబుతాను. ముందుగా ఒక్కో పాన్‌కి ఒక్కో ఫైలు. భార్యాభర్తల జాయింటు డిపాజిట్ అయితే బాండు మీద మొదటి పేరు ఎవరిదో వాళ్ల ఫైల్లో రాయాలి, బ్యాంకు వడ్డీని చూపించేది ఆ పాన్ మీదే. ఆస్తుల కింద రెండు ఖాతాలు తెరవండి: ‘రావాల్సిన వడ్డీ’, ‘కోసిన టీడీఎస్’. టీడీఎస్‌ని ఖర్చుల్లో వేయకూడదు. అది రిటర్నులో తిరిగి లెక్కకొచ్చే డబ్బు, ఆస్తి కిందే ఉండాలి. ఆదాయం కింద వడ్డీకి బ్యాంకువారీగా ఉపఖాతాలు పెడితే తర్వాత ఏఐఎస్‌తో (పన్ను శాఖ మన పాన్ మీద చూపించే ఏడాది ఆదాయ వివరాలు) పోల్చుకోవడం తేలిక. ఖాతాల పేర్లు తెలుగులో రాసుకోవచ్చు. సెక్షన్ నంబర్లు మాత్రం పేర్లలో పెట్టకండి. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం వచ్చింది, పాత నంబర్లు చెల్లవు.

ఉదాహరణకు సీనియర్ సిటిజన్ పథకంలో 30 లక్షలు, 8.2 శాతం. మూడు నెలలకు 61,500. ఏడాదికి 2,46,000 కాబట్టి పెద్దవాళ్లకున్న లక్ష పరిమితి దాటుతుంది, పన్ను కోయొద్దని పెద్దవాళ్లు ఇచ్చే కాగితం (2026 మార్చి దాకా 15హెచ్, ఇప్పుడు ఫారం 121) ఇవ్వకపోతే పది శాతం కోస్తారు. షెడ్యూలును ఏప్రిల్ 1 నుంచి ప్రతి మూడు నెలలకు పెట్టి, శని ఆదివారాలు వస్తే తర్వాతి పనిదినానికి జరిపే ఎంపిక తీసుకోండి. అందులో పద్దు ఇలా ఉండాలి: ‘రావాల్సిన వడ్డీ’కి డెబిట్ 61,500, వడ్డీ ఆదాయానికి క్రెడిట్ 61,500. బ్యాంకు ఖాతా పేరు అందులో ఉండకూడదు. డబ్బు నిజంగా పడ్డాక రెండో పద్దు చేత్తో రాయాలి: బ్యాంకుకు 55,350, ‘కోసిన టీడీఎస్’కి 6,150, ‘రావాల్సిన వడ్డీ’లోంచి 61,500 తీసివేత. ఖాతా సున్నాకి వస్తే అంతా సరిపోయినట్టు. ఏమైనా మిగిలితే ఆ మిగిలిన అంకె పట్టుకుని బ్యాంకుకు వెళ్లొచ్చు.

దీనివల్ల తేలే విషయాల్లో ముఖ్యమైనది ఈ ఫారం 121 (పాత 15హెచ్). అది ఒకసారి ఇస్తే ఎప్పటికీ పనిచేసే కాగితం కాదు, ప్రతి ఆర్థిక సంవత్సరం మళ్లీ ఇవ్వాలి. ఇచ్చినా కౌంటర్లో ఎక్కించకపోతే కోత పడుతుంది. కోసిన డబ్బు ప్రభుత్వానికి కట్టేశాక బ్యాంకు వెనక్కి ఇవ్వదు, రిటర్ను వేసి రిఫండు తెచ్చుకోవాల్సిందే. జులై మొదట్లోనే ఖాతాలో 6,150 తేడా కనిపిస్తే మిగతా మూడు త్రైమాసికాలైనా కాపాడుకోవచ్చు.

తలనొప్పి అంతా క్యుములేటివ్ డిపాజిట్‌తోనే. వడ్డీ చేతికి రాదు, అసలులో కలుస్తూ పోతుంది, అయినా పన్ను ఏటా లెక్కకొస్తుంది, టీడీఎస్ ఏటా పడుతుంది. 10 లక్షలు, 7 శాతం, 5 ఏళ్లు, మూడు నెలలకోసారి చక్రవడ్డీ అనుకోండి. బాండు మీద అచ్చయ్యే మెచ్యూరిటీ మొత్తం 14,14,778. మొదటి ఏడాది వడ్డీయే 71,859 కాబట్టి మామూలు డిపాజిటరుకి 2025-26లో ఉన్న 50,000 పరిమితి దాటినట్టే. మొదటి త్రైమాసికం వడ్డీ 17,500, కోత 1,750, అసలులో కలిసేది 15,750. రెండోసారి వడ్డీ లెక్క కట్టేది 10,15,750 మీద. ఇలా ప్రతి త్రైమాసికం డిపాజిట్‌లోంచే కోస్తూ పోతే ఐదేళ్లకు వచ్చేది సుమారు 13,66,900. బాండు మీదున్న అంకెకు దాదాపు 47,900 తక్కువ. అందులో 40,770 దాకా టీడీఎస్, అది రిటర్నులో లెక్కకొస్తుంది. మిగతా 7,100 మాత్రం కోసిన డబ్బు మీద పెరగకుండా పోయిన వడ్డీ, అది ఎక్కడా తిరిగి రాదు. కొన్ని బ్యాంకులు కోతను సేవింగ్స్ ఖాతాలోంచి తీసుకుంటాయి, అప్పుడు బాండు అంకె మారదు. మీది ఏ రకమో మొదటి త్రైమాసికంలోనే చూసుకోవాలి.

సాఫ్ట్‌వేరుకు ఇదంతా దానంతట అది తెలియదు. మామూలు షెడ్యూలు ప్రతిసారీ ఒకే అంకె వేస్తుంది, చక్రవడ్డీకి అది పనికిరాదు. మార్గం ఉంది: మొత్తం రాసే చోట అంకె బదులు ‘వి’ (v) లాంటి ఇంగ్లీషు అక్షరం పెట్టండి. వడ్డీ ఆదాయానికి ‘వి’, ‘కోసిన టీడీఎస్’కి ‘వి*0.1’, డిపాజిట్‌కి ‘వి*0.9’. పద్దు పుట్టే సమయంలో ‘వి’ ఎంత అని అడుగుతుంది, వడ్డీ సర్టిఫికెట్టులోని అంకె కొడితే మూడు వరుసలూ నిండుతాయి. పైసల సర్దుబాటు వల్ల బ్యాంకు అంకెకు రూపాయి అటూ ఇటూ వస్తుంది, చేత్తో సరిచేయాలి. అమెరికాలో ఉన్న పిల్లల ఎన్ఆర్ఓ డిపాజిట్ (ప్రవాసులు ఇక్కడి ఆదాయాన్ని ఉంచుకునే రూపాయి ఖాతాది) అయితే 0.1 బదులు 0.312 పెట్టాలి. అక్కడ పరిమితి లేదు, మొదటి రూపాయి నుంచే సెస్సుతో కలిపి కోత.

ఇక అడ్వాన్స్ టాక్స్, అంటే ఏడాది ముగియక ముందే వాయిదాల్లో కట్టే పన్ను. టీడీఎస్ పోను కట్టాల్సింది 10,000 లేదా అంతకు మించి ఉంటే జూన్ 15కి 15 శాతం, సెప్టెంబర్ 15కి 45, డిసెంబర్ 15కి 75, మార్చి 15కి 100. వ్యాపార ఆదాయం లేని అరవై దాటినవాళ్లకు ఇది వర్తించదు. రొయ్యల గుంటలున్నవాళ్లు గమనించాలి: ఆ ఆదాయం వ్యవసాయ ఆదాయం కాదు, కాబట్టి వయసు మినహాయింపు వాళ్లకు దొరకదు. షెడ్యూలులో ‘ముందుగా పుట్టించు’ రోజులు 300 పెడితే జూన్‌లోనే మార్చి దాకా రాబోయే వడ్డీ అంతా రిజిస్టరులో కనిపిస్తుంది. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా ఆదాయ రిపోర్టు తీస్తే ఏడాది అంచనా చేతిలో ఉంటుంది. రిపోర్టుల లెక్క జనవరి నుంచి మొదలవుతుంది కాబట్టి అకౌంటింగ్ పీరియడ్‌ని ఏటా ఏప్రిల్‌లో కచ్చితమైన తేదీతో మార్చుకోవాలి.

పైన అంత మెచ్చుకున్న సౌకర్యానికి ఇక్కడే ఒక మెలిక ఉంది. ముందే పుట్టిన పద్దులు ఆ తర్వాత షెడ్యూలు మార్చినా మారవు. మధ్యలో బాండు తెంచినా, పాత బాండు కొత్త రేటుకు రెన్యూ అయినా, ఆర్బీఐ ఫ్లోటింగ్ రేటు బాండు వడ్డీ జనవరిలోనో జులైలోనో మారినా పాత అంకెలు అలాగే కూర్చుంటాయి. వెతికి ఒక్కొక్కటీ తీసేయాలి. అందుకే ఇప్పుడు 300 రోజుల పద్ధతిని స్థిరమైన రేటున్న సీనియర్ సిటిజన్ పథకానికి మాత్రమే ఉంచాను, మిగతావాటికి పక్షం రోజుల ముందు రిమైండరు చాలు. ‘ఆటోమేటిగ్గా పుట్టించు’ గడి కూడా బ్యాంకు ఖాతా ఉన్న పద్దులకు టిక్ చేయకండి. రాని డబ్బు వచ్చినట్టు చూపిస్తుంది.

డివిడెండ్ల విషయంలో అంత గట్టిగా మెచ్చుకోలేను. కంపెనీ ఎంత ప్రకటిస్తుందో ముందు తెలియదు, అంచనా అంకె వేస్తే ఏడాది లెక్క తప్పుదారి పడుతుంది. షేర్ల అమ్మకాల లాభాలకు ఇందులో లాట్ల పద్ధతి (ఏ అమ్మకం ఏ కొనుగోలుదో జతచేసేది) ఉంది కానీ మన డీమ్యాట్ లెక్కకు సరిపెట్టడం శ్రమ. బ్రోకరు ఇచ్చే టాక్స్ స్టేట్‌మెంటే మేలు. టాక్స్ రిపోర్టు పేరుతో ఉన్నది మన చట్టానికి పనికిరాదు. ఏఐఎస్‌ని నేరుగా లోపలికి తెచ్చుకునే దారి కూడా లేదు, జూన్‌లో రెండూ పక్కపక్కన పెట్టుకుని బ్యాంకువారీగా సరిచూసుకోవాలి. టీడీఎస్ కోయని వడ్డీ కూడా ఏఐఎస్‌లో ఉంటుంది కాబట్టి ఆ పని తప్పదు.

రెండు మూడు బ్యాంకుల్లో పది పన్నెండు డిపాజిట్లు, పోస్టాఫీసు పథకం, ఏడాదికి ఒకసారి ఆడిటరు దగ్గరికి వెళ్లే అలవాటు ఉన్న ఇంటికైతే దీన్ని ధైర్యంగా చెబుతాను. డెబిట్, క్రెడిట్ అంటే చిరాకుపడేవాళ్లకు, రోజూ షేర్లు కొని అమ్మేవాళ్లకు చెప్పను. ఒకే బ్యాంకులో రెండు బాండ్లున్నవాళ్లకు నోటు పుస్తకం చాలు.