ఆరేళ్ళ ఏటీవీ, ఒక బెల్టు గొడవ

స్పెసిఫికేషన్ల జోలికి పోను, అవి కంపెనీ సైట్లోనే ఉంటాయి. 2019లో కొన్నా, 500 సీసీ దాటిన సింగిల్ సిలిండర్ యుటిలిటీ ఏటీవీ, అంటే పొలం పనులకి వాడే నాలుగు చక్రాల బండి, పవర్ స్టీరింగ్ ఉంది, ముందర వించ్ (తాడు చుట్టుకుంటూ లాగే యంత్రం) ఉంది. ఏ కంపెనీ అనేది కావాలనే రాయట్లేదు, నా గొడవ కంపెనీతో కాదు, లోపలున్న బెల్టుతో. మీటర్ మీద ఇప్పుడు ఇంజిన్ నడిచిన గంటలు 640. డాలస్‌కి దక్షిణంగా ఎల్లిస్ కౌంటీలో 12 ఎకరాలు, ముప్పై చిల్లర మేకలు, వారమంతా ఆఫీసు పని, శని ఆదివారాలు ఈ పని.

ఇక్కడి నేల గురించి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. దీన్ని బ్లాక్‌ల్యాండ్ ప్రైరీ అంటారు, సింపుల్‌గా చెప్పాలంటే మన నల్లరేగడే. హ్యూస్టన్ బ్లాక్ అని పేరు పెట్టి టెక్సస్ రాష్ట్ర మట్టి అని కూడా చెప్పుకుంటారు. మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు పక్కన పల్లె, నాన్న మొదటిసారి వచ్చినప్పుడు పిడికెడు మట్టి తీసి నలిపి చూసి "ఇంతదూరం వచ్చి మళ్ళీ ఇదే భూమి కొన్నావేందిరా" అన్నాడు. ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు, తడిస్తే కాలు పైకొస్తది గానీ చెప్పు రాదు.

మొదటి రెండేళ్ళు నేను ఈ బండిని పొగడని రోజు లేదు, కనీసం ముగ్గురు ఫ్రెండ్స్‌తో కొనిపించా కూడా. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ అంతా గడ్డకట్టిపోయింది గుర్తుందిగా, డాలస్‌లో మైనస్ 19 సెల్సియస్‌కి పడిపోయింది, కరెంటు లేదు, పైపుల్లో నీళ్ళు రాయిలా అయిపోయినయ్, కారు స్టార్ట్ అవడానికే మొరాయించింది. ఇది మాత్రం రెండో సెల్ఫుకే అందుకుంది. మూడు రోజులు పక్కింటి బావి నుంచి క్యాన్లలో నీళ్ళు తెచ్చి మేకలకి పోశా. అప్పుడు దీన్ని దేవుడన్నా. ఇప్పుడు ఆలోచిస్తే అప్పుడు అది మోసింది ఇరవై గ్యాలన్లు, అదీ సిమెంటు రోడ్డులా గట్టిపడిన నేల మీద. అది పరీక్షే కాదు.

అసలు పరీక్ష నిరుడు ఏప్రిల్‌లో వచ్చింది. నాలుగు రోజులు వాన. నాన్న ఇక్కడే ఉన్నాడు. వెనక ట్రైలర్‌లో పన్నెండు గడ్డి బేళ్ళు, ఒక్కోటి యాభై పౌండ్ల దాకా ఉంటది, పైన టార్పాలిన్ కప్పి మెల్లగా లాక్కుంటూ పోతున్నా. బేళ్ళు దించొచ్చిన తర్వాత నాన్న బండి చుట్టూ ఒకసారి తిరిగి "రబ్బరు కాలిన వాసన వస్తందేందిరా" అన్నాడు. టైర్లు స్లిప్ అయ్యుంటయిలే నాన్నా అని కొట్టిపారేశా. మూడు రోజుల తర్వాత, చీకటి పడే టైములో, చిట్టచివర కంచె దగ్గర ఒక మేక ఈనింది. రెండు పిల్లలు, తల్లి ఒకదాన్ని దగ్గరికి రానివ్వట్లేదు. బట్టల బుట్టలో పాత టవల్ వేసి పిల్లల్ని ఆ బుట్టలో పెట్టి ముందర ర్యాక్‌కి బంగీ తాడుతో కట్టా, తల్లిని వెనక ట్రైలర్‌లో ఎక్కించా, వాగు పక్క పల్లం దాటేటప్పుడు ఇంజిన్ గట్టిగా అరుస్తోంది గానీ బండి కదలట్లేదు, ఆ తర్వాత లోపల ఎవరో పెద్ద చెప్పుతో కొట్టినట్టు ఠప్పుమని ఒక చప్పుడు, అంతే, ఇంజిన్ ఆన్‌లోనే ఉంది, బండి మాత్రం గుండ్రాయిలా కూర్చుంది.

అరమైలు. నేను బుట్ట నెత్తిన పెట్టుకున్నా, నాన్న ఎదురొచ్చి మేక తాడు పట్టుకున్నాడు, ఇద్దరం ఆ బురదలో ఇంటికి నడిచొచ్చాం. దార్లో ఒక్క మాట కూడా అన్లేదు ఆయన, అదే ఎక్కువ బాధేసింది. పిల్లలకి జున్నుపాలు పట్టేసరికి రాత్రి పదిన్నర.

మర్నాడు విప్పితే విషయం తెలిసింది. ఇంజిన్ వైపు ఒక కప్పీ, చక్రాల వైపు ఒక కప్పీ, మధ్యలో రబ్బరు బెల్టు, స్పీడును బట్టి ఆ కప్పీలు విచ్చుకుంటూ దగ్గరవుతూ గేరు పని చేస్తాయి. ఇదే సీవీటీ. బరువేసుకుని మెల్లగా పోయేటప్పుడు గేరు లివర్ 'హై' మీద ఉంటే బెల్టు సరిగ్గా పట్టదు, జారుతుంది, జారితే వేడెక్కి మాడుతుంది. అలాంటప్పుడు 'లో' గేరు వేయమని మాన్యువల్‌లో ఉంది, నేను ఆరేళ్ళలో ఆ 'లో' గేరు వాడింది పది సార్లు కూడా ఉండదు. అంటే సగం తప్పు నాదే, ఒప్పుకుంటా. మిగతా సగం పల్లంలో నీళ్ళు బెల్టు ఉండే డబ్బా లోపలికి పోవడం వల్ల, తడిసిన బెల్టు ఇంకా ఎక్కువ జారుద్ది. డబ్బా అడుగున నీళ్ళు వదిలే బిరడా ఒకటి ఉంటదని నాకు ఆ రోజు దాకా తెలీదు. ఫుట్‌రెస్ట్ ప్లాస్టిక్ తీసి, కవర్ బోల్టులు విప్పి చూస్తే లోపల బెల్టు ముక్కలు గడ్డిపరకల్లా కప్పీకి చుట్టుకుని ఉన్నాయి, వాటిని పట్టకారుతో ఒక్కొక్కటి పీకడానికే రెండు గంటలు.

డీలర్‌కి ఫోన్ చేస్తే బెల్టుకి వారంటీ రాదు సార్, అది టైరు లాంటిది అన్నాడు. సరే టైరే అనుకుందాం. టైరు అరిగితే బయటికి కనపడుద్దిగా? బెల్టు వేడెక్కితే డాష్‌బోర్డు మీద ఒక లైటు వెలిగే ఏర్పాటు కొన్ని బండ్లకి ఉంది, నాదానికి లేదు, కొనేటప్పుడు దాన్ని అడగాలని కూడా నాకు తోచలేదు.

ఇప్పుడు కొత్త మోడళ్ళ వంక చూస్తున్నా, హార్స్ పవర్ ఎంతో అసలు చూడట్లేదు. మొదట చూసేది బెల్టు ఉందా లేదా. ఫోర్‌మన్, రూబికాన్ లాంటి హోండా యుటిలిటీ బండ్లలో బెల్టే ఉండదు, గేర్లే, రూబికాన్‌లో డీసీటీ, అంటే రెండు క్లచ్‌లతో గేర్లు దానంతటదే మార్చుకునే రకం కూడా దొరుకుతుంది. నడిపి చూశా, గేరు మారినప్పుడు చిన్న కుదుపు తెలుస్తుంది, బెల్టు బండి మెత్తదనానికి అలవాటైనోళ్ళకి నచ్చకపోవచ్చు. యమహా వాళ్ళు ఇక్కడ బెల్టుకి 10 ఏళ్ళ వారంటీ ఇస్తున్నారు, మా డీలర్ మాట విన్నాక అది చదివితే నవ్వొచ్చింది. క్యాన్‌ఆమ్ ఔట్‌లాండర్ ఎలక్ట్రిక్ 47 హార్స్ పవర్, 8.9 కిలోవాట్ అవర్ బ్యాటరీ, ఒక చార్జికి 50 కిలోమీటర్ల దాకా అంటున్నారు. నేను శనివారం మొత్తం తిరిగినా పది మైళ్ళు దాటను, చప్పుడు లేకపోతే మేకలు బెదరవు, లెక్క ప్రకారం నాకోసమే చేసినట్టుంది. కానీ ఆ 2021 వారం గుర్తొస్తే చెయ్యి ముందుకు పోదు, ఇంట్లో బల్బే వెలగని రోజు దీన్నెక్కడ చార్జి పెట్టను, చలికి బ్యాటరీ మామూలుగానే తక్కువ లాగుద్ది. జనరేటర్ ఉన్నోళ్ళ సంగతి వేరు.

ఇంతకీ నా బండి కొనొద్దని చెప్తున్నానా అంటే, అదీ కాదు. ఇసక నేలో, గడ్డి మైదానమో ఉండి, ట్రైలర్ పెద్దగా లాగనోళ్ళకి ఇది హాయిగా పదేళ్ళు నడుస్తది, నేను కొనిపించిన ముగ్గురిలో ఇద్దరు ఇంకా నన్ను తిట్టలేదు. పవర్ స్టీరింగ్ లేకపోతే నా భుజం నొప్పికి రెండో ఏడే అమ్మేసేవాడ్ని, అది మాత్రం నిజం. నల్లరేగడి వాళ్ళు మాత్రం ముందు లో గేరు అలవాటు చేసుకోండి, బిరడా ఎక్కడుందో చూసుకోండి.

నేనైతే ఈ ఏడాది కొనట్లేదు, చిన్నోడి కాలేజీ ఫీజు ఉంది. సీటు కింద కొత్త బెల్టు ఒకటి, దాన్ని మార్చడానికి కావాల్సిన సాకెట్లు ఒక పాత సాక్సులో చుట్టి పెట్టుకుని తిరుగుతున్నా. నాన్న ఫోన్ చేసినప్పుడల్లా మేకల కంటే ముందు అడిగేది వాసనేమన్నా వస్తందా అనే.