సెకనుకు మూడొందల కిలోమీటర్లే: మా ట్రావెలర్ ఆటలో ఓడల వేగానికి కళ్లెం

ముందే చెప్పేస్తున్నాను. అంతరిక్షంలో నడిచే రోల్‌ప్లేయింగ్ గేమ్ (తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కలిసి కథ నడిపే ఆట) ఏదైనా సరే, అందులో ఓడల వేగానికి ఒక హద్దు పెట్టుకుని తీరాలి. అమలాపురంలో మా జట్టు ఏళ్ల తరబడి ట్రావెలర్ ఆడుతోంది, కథ నడిపి తీర్పులు చెప్పే రిఫరీని నేనే. మాకు మేం పెట్టుకున్న ఈ ఒక్క హౌస్ రూల్ మా ఆటను మార్చినంతగా ఇంకేదీ మార్చలేదు.

ట్రావెలర్ 1977లో వచ్చిన ఆట. అందులో ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి జంప్ కొడితే, ఒక పార్సెక్ (సుమారు 3.26 కాంతి సంవత్సరాల దూరం) అయినా ఆరు పార్సెక్‌లైనా సుమారు వారం పడుతుంది. గ్రహం వ్యాసానికి వంద రెట్ల దూరం దాటాకే జంప్ కొట్టాలి. కాంతిని మించిపోయే రేడియో లేదు కాబట్టి పక్క నక్షత్రానికి కబురు కూడా ఓడలోనే వెళ్లాలి. ఈ రూల్స్ జోలికి నేను వెళ్లను, అంత బాగుంటాయి. చిక్కంతా సౌరకుటుంబం లోపలే. మామూలు ఇంజిన్ సగం దారి వేగం పెంచుకుంటూ పోతుంది, మిగతా సగం తగ్గించుకుంటూ వస్తుంది. మధ్యలో ఎంత వేగం అందుకున్నా అడిగేవాడు లేడు.

1జీ త్వరణంతో, అంటే భూమ్మీద వస్తువు కిందికి పడే త్వరణంతో, ఓడ 30 రోజులు ఆపకుండా పోతే సెకనుకు 25,000 కిలోమీటర్లు దాటేస్తుంది. అంటే కాంతి వేగంలో 8 శాతం పైనే. ఆ వేగంతో కిలో బరువున్న రాయి తగిలితే హిరోషిమా బాంబుకు అయిదింతల శక్తి వెలువడుతుంది. మా బావమరిది ఈ లెక్క కట్టి, "బావా, పాత సరుకు ఓడ ఒక్కటుంటే చాలు, గ్రహం మొత్తాన్ని బెదిరించొచ్చు కదా" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. అలాంటి లోకంలో నౌకాదళం, కస్టమ్స్, వ్యాపారం ఏదీ నిలబడదు.

మొదట ఇంధనంతో కట్టడి చేసి చూశాం. వేగం పెంచిన ప్రతిసారీ ట్యాంకులో కోత. ఆటగాళ్ల తలలు కాగితాల్లోంచి లేవలేదు, కథ ముందుకు కదల్లేదు. వదిలేశాం.

ఇప్పటి రూల్ సులువు. ఇంజిన్ అక్కడి నక్షత్రపు గురుత్వాన్ని పట్టుకుని నెడుతుంది, ఆ నక్షత్రంతో పోల్చితే సెకనుకు 300 కిలోమీటర్లు మించి నెట్టలేదు. "దేనితో పోల్చితే" అన్నది మాత్రం తప్పకుండా రాసిపెట్టుకోండి. లేకపోతే ఫిజిక్స్ చదివినవాడు మొదటి రోజే పట్టుకుంటాడు. 300 తక్కువేం కాదు. నాసావాళ్ల పార్కర్ సోలార్ ప్రోబ్ 2024 డిసెంబరులో సూర్యుడికి దగ్గరగా పోతూ అందుకున్నది సుమారు 192.

ఈ హద్దు దగ్గరి ప్రయాణాలను అసలు ముట్టుకోదు. భూమి నుంచి చంద్రుడికి 1జీలో మూడున్నర గంటలు, ఈ హద్దుతోనూ అంతే. కుజుడు బాగా దగ్గరగా ఉన్నప్పుడు దాదాపు 42 గంటలు పట్టేది 59 అవుతుంది. గురుడి దగ్గరికొచ్చేసరికి కథ మారిపోతుంది. ఆరు రోజుల్లోపు అయ్యే ప్రయాణం దాదాపు 25 రోజులకు సాగుతుంది. పాత లెక్కలో అక్కడికి జంప్ కొట్టాలన్న ఊహే ఎవరికీ రాలేదు, ఎందుకంటే జంప్‌కే వారం. ఇప్పుడు వారమా, పాతిక రోజులా అని కూర్చుని తేల్చుకోవాలి. జంప్ ఎంత చిన్నదైనా ఓడ టన్నేజీలో పదో వంతు ఇంధనం కాలిపోతుంది.

మా జట్టులో ఒకాయనకి ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువులున్నాయి, అందరం బాబాయ్ అంటాం. ఆటలో ఆయన గురుడి చందమామ మీది కాలనీకి రొయ్య పిల్ల ఎత్తాడు, ఆక్సిజన్ నింపిన సంచుల్లో. రూట్ చూసి నేను పాతిక రోజులన్నాను. "సంచుల్లో అన్నాళ్లు పిల్ల దక్కదురా" అన్నాడు. జంప్ కొడదామంటే 200 టన్నుల ఓడకి 20 టన్నుల ఇంధనం, కిరాయిలో సింహభాగం దానికే పోతుంది. చివరికి ఆయనే, "హోల్డులో ట్యాంకులు కట్టండి, ఏరేటర్లు పెట్టండి, నర్సరీ పెంచుకుంటూ పోదాం" అన్నాడు. దారిలో పాచికలు అడ్డం తిరిగి పవర్ ప్లాంట్ సగానికి పడిపోయింది. మనుషుల క్యాబిన్లకి వేడి ఇవ్వాలా, ఏరేటర్లు తిప్పాలా? బాబాయ్ ఏరేటర్లే అన్నాడు. అందరూ ఇంజిన్ రూములో దుప్పట్లు కప్పుకుని పడుకున్నారు. ఆరు రోజుల ప్రయాణంలో ఈ ఆట పుట్టేదే కాదు.

పోలీసు పద్ధతి కూడా మారింది. దొంగ ఓడ, గస్తీ ఓడ రెండూ 300 అందుకున్నాక వెనకున్నది ముందున్నదాన్ని పట్టలేదు. అందుకని ఎవరూ వెంటపడరు, గమ్యంలో కాపు కాస్తారు. దగ్గరగా ఉన్న కుజుడికి రేడియో కబురు మూడు నిమిషాల్లో చేరుతుంది, ఓడ చేరేది రెండున్నర రోజులకి. ఆ రెండున్నర రోజులూ తమ కోసం ఎవరో కాచుకుని ఉన్నారని ఆటగాళ్లకి తెలుసు. వెంటపడి కాల్చుకోవడం ఇష్టమైనవాళ్లకి ఇది వెలితిగానే ఉంటుంది. మా రాజోలు కుర్రాడు ఇప్పటికీ సమాధానపడలేదు, వాడి బాధలో న్యాయం ఉంది.

పెద్ద లోపం వేరే ఉంది. 300 దగ్గర కూడా కిలో రాయికి దాదాపు 11 టన్నుల టీఎన్‌టీ (పేలుడు పదార్థం) శక్తి ఉంటుంది. వెయ్యి టన్నుల బరువున్న ఓడ ఊరి మీద పడితే 10 మెగాటన్నులు. బెదిరింపు చాలా తగ్గింది కానీ పోలేదు. అలాగని హద్దును 30కి దించితే కుజుడికే మూడు వారాలు పడుతుంది, వ్యాపారం చచ్చిపోతుంది. అందుకే ఇంజిన్ హద్దు 300 దగ్గరే ఉంచి, గ్రహానికి వంద వ్యాసాల లోపల 30 మించకూడదని పోర్టు చట్టం పెట్టాం. మీరితే హెచ్చరిక లేకుండా కాల్చేస్తారు. భూమి లాంటి గ్రహానికి ఆఖరి అంచె ఆరు గంటల బదులు పన్నెండు గంటల పైమాటే అవుతుంది. ఆ పన్నెండు గంటల్లోనే మా వాళ్లు దొంగ సరుకు ఎక్కడ దాచాలో చూసుకుంటారు, నకిలీ కాగితాలు సరిచేసుకుంటారు.